ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో కవచాల అద్దకం

ఆటలో తన పాత్ర తొడుక్కునే కవచానికి, బట్టలకు ఆటగాడు కోరిన రంగు వేసుకునే వీలు. ఆ రంగులను ఆటలోనే తయారుచేసి అమ్మే వృత్తి. రంగు వేసినంత మాత్రాన కవచం గట్టిపడదు, తగిలే దెబ్బ తగ్గదు. అయినా ఆటల లోపలి బజార్లలో కొన్ని రంగులు ఆయుధాలతో పోటీపడే ధర పలికాయి. అందం కన్నా హోదాయే దీనికి ఎక్కువ కారణం.

1997 సెప్టెంబరులో ఆరిజిన్ సిస్టమ్స్ విడుదల చేసిన అల్టిమా ఆన్‌లైన్‌లో ఈ పని నిజమైన అద్దకానికి చాలా దగ్గరగా ఉండేది. రంగులు, తొట్టి కొని, పట్టికలో ఒక ఛాయ ఎంచుకుని తొట్టిలో కలిపితే ఎన్ని బట్టలకైనా అద్దవచ్చు. తోలు, లోహం మాత్రం ఆ తొట్టికి లొంగవు. తోలుకు వేరే తొట్టి తర్వాత వచ్చింది, అదీ ఏళ్ల తరబడి ఖాతా నడిపినవారికి బహుమతిగా. లోహపు కవచానికి రంగు గనిలోంచే రావాలి. మామూలు ఇనుము కాక మరో ఎనిమిది లోహాలు ఉండేవి. వాటిలో వెరైట్ పచ్చన, వాలరైట్ నీలం. వాలరైట్ తవ్వడానికి గనిపనిలో నైపుణ్యం దాదాపు 100కు చేరాలి. కాబట్టి నీలి కవచంతో ఎవరైనా కనిపిస్తే, అతను నెలల తరబడి తవ్వినవాడో, తవ్వినవాడికి డబ్బు పోసినవాడో అయి ఉండాలి.

ఈ రంగుల వెనక సాంకేతిక పొదుపు కూడా ఉంది. ప్రతి రంగుకూ విడి బొమ్మ గీయలేదు. బొమ్మ ఒకటే, దానికి జతగా ఒక రంగు సంఖ్య. ఆటగాడి కంప్యూటర్‌లోని 3,000 వరసల పట్టిక నుంచి ఆ సంఖ్యకు చెందిన ఛాయలు బొమ్మపై పరుచుకుంటాయి. కొన్ని వస్తువుల్లో బూడిదరంగు చుక్కలు మాత్రమే మారి, మిగతా భాగం యథాతథంగా ఉంటుంది.

2001లో జాగెక్స్ తెచ్చిన రూన్‌స్కేప్‌లో రంగు చేసేది యాగీ అనే మంత్రగత్తె. రెండు ఉల్లిపాయలు, ఐదు నాణేలు ఇస్తే పసుపు. వోడ్ ఆకులిస్తే నీలం. ఎరుపు, పసుపు కలిపితే నారింజ. ఆ ఆటలోనే ఒక కథ ఉంది: కవచం ఎర్రగా ఉండాలా పచ్చగా ఉండాలా అని ఇద్దరు గాబ్లిన్ సేనానులు కొట్టుకుంటుంటారు. ఆటగాడు నారింజ, నీలం అద్ది తెచ్చి చూపినా నచ్చక, చివరికి మొదటి మట్టిరంగే బాగుందని తేలుస్తారు. కవచాల రంగుపై ఆటగాళ్లకుండే పట్టుదల మీద ఇంతకు మించిన ఎకసెక్కం లేదు.

2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ దారి పట్టలేదు. అక్కడ రంగు సీసాలు దర్జీ కుట్టే చొక్కాల వంటి వాటికి సరుకు మాత్రమే. కవచానికి అద్దే వీలు లేదు. 2011లో ఒక కవచానికి మరో కవచం రూపం తొడిగే పద్ధతి తెచ్చి సరిపెట్టారు. గిల్డ్ వార్స్ (2005)లో చచ్చిన రాక్షసుల నుంచి రంగులు రాలేవి. వాటిని కొని అమ్మే వర్తకుడి ధర గిరాకీని బట్టి మారేది, అన్నింట్లో నలుపు ప్రియం. ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్ (2007)లో రంగులు తీసే పని పండిత వృత్తి వారిది. రోహన్ ఆకుపచ్చ, ఎవెండిమ్ నీలం వంటి పేర్లు టోల్కీన్ లోకం నుంచి వచ్చాయి.

గిల్డ్ వార్స్ 2 (2012)తో ధోరణి మారింది. ఒకసారి వాడిన రంగు శాశ్వతంగా మిగిలేది, మొదట ఆ ఒక్క పాత్రకే. 2014 ఏప్రిల్ నుంచి ఖాతాలోని పాత్రలన్నిటికీ. అద్దకం సరుకు కాస్తా సేకరణ అయింది. డెస్టినీ 2 దీనికి ఎదురీదింది. మొదటి డెస్టినీలో ఎన్నిసార్లయినా వాడుకోదగిన రంగులను 2017లో ఒక్క వాడకంతో అయిపోయేలా చేసింది. ఆటగాళ్లు మండిపడ్డారు. 2021లో పద్ధతి మళ్లీ మార్చక తప్పలేదు.

వృత్తి పనిగా అద్దకం నిలిచిన చోట ఫైనల్ ఫాంటసీ 14 ముఖ్యమైనది. ఆటగాళ్లు వర్ణకాలతో రంగులు తయారుచేసి బజారులో పెడతారు. కాటుక నలుపు, స్వచ్ఛమైన తెలుపు అక్కడా ఖరీదే. 2024లో వచ్చిన డాన్‌ట్రెయిల్ విస్తరణతో ఒకే వస్త్రానికి రెండు రంగులు అద్దే సౌకర్యం ఇచ్చారు, పాత వస్త్రాలకు మాత్రం విడతలవారీగా.