వీల్‌చైర్‌కు మందిరంలో చోటెక్కడ?

మందమర్రి బొగ్గుగనుల ఊరు. గనిలో పైకప్పు కూలితే నడుము దెబ్బతిని వీల్‌చైర్‌కు పరిమితమయ్యే కార్మికుడు మన సంఘస్థుడే కావచ్చు. పక్షవాతం వచ్చినవారు, షుగరు వల్ల కాలు తీయించుకున్నవారు కూడా మన మధ్య ఉన్నారు. ఆదివారం వారు ఎక్కడ కూర్చుంటున్నారు? సాధారణంగా వరండాలోనో, తలుపు పక్కనో.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. ప్రజలు వాడుకునే ప్రైవేటు భవనాలను, మతపరమైన భవనాలను కూడా అది 'పబ్లిక్ భవనాలు'గానే లెక్కించింది. కాబట్టి మందిరాలకు మినహాయింపు లేదు. ఈ ప్రమాణాలు కేవలం సిఫారసులుగా ఉంటే చాలదనీ, తప్పనిసరి నిబంధనలు కావాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో తీర్పిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమే.

ఇక కొలతలు. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, వెడల్పు నాలుగడుగులు. తలుపు తెరిచినప్పుడు మూడడుగుల దారి ఉండాలి. ఒక వీల్‌చైర్ నిలవడానికి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల సమతల స్థలం కావాలి.

ఎన్ని స్థలాలు? అమెరికా 2010 ప్రమాణాలు ఒక కొలమానం ఇస్తాయి. 51 నుండి 150 సీట్ల హాలులో కనీసం 4, 151 నుండి 300 వరకు 5. ప్రతి స్థలం పక్కన తోడు వచ్చినవారికి ఒక సీటు. ఆ దేశపు చట్టం మతసంస్థలను మినహాయించింది గాని, ఈ లెక్క మనకూ పనికొస్తుంది.

తోడు సీటు సంగతి మనం ప్రత్యేకంగా ఆలోచించాలి. మన మందిరాల్లో చాలాచోట్ల స్త్రీలు ఒకవైపు, పురుషులు మరోవైపు, చాపలమీద కూర్చుంటారు. వీల్‌చైర్‌లోని భర్త పక్కన భార్య కూర్చునే వీలుండదు. నేలమీద కూర్చున్నవారికి అడ్డమని ఆయనను వెనక్కి పంపుతాము. ముందువైపు ఒక పక్కగా, ప్రసంగవేదిక కనబడేలా, ఇద్దరికీ కలిపి చోటు కేటాయిస్తే ఈ చిక్కు తీరుతుంది. బల్లారాధన రోజున రొట్టె, ద్రాక్షారసం ఆయన ఉన్నచోటికే తీసుకువెళ్లాలి.

కపెర్నహూములో నలుగురు ఇంటికప్పు విప్పి పక్షవాయువు గలవానిని యేసు ఎదుట దించారు. ఆనాడు దారి మూసినది జనసమూహం. ఈనాడు మన మెట్లు మూస్తున్నాయి. వచ్చే సంఘ కమిటీ సమావేశానికి ఒక కొలత టేపు తీసుకువెళ్లండి. ముందుగా గుమ్మం కొలవండి.