పేదల లెక్క ఎవరు చూడాలి? కళ్ళం కుప్ప నుంచి గ్రామ సభ దాకా

పోయిన నెల కూటం ముగిసినాక కాఫీ తాగేటప్పుడు ఒక తమ్ముడు ఒక మాట చెప్పినాడు. అమెరికాలో వాళ్ళ చెల్లెలి కొడుకు ఉండే కౌంటీలో పేదవాళ్ళకు అందే సాయాన్ని చూసేదానికి ఒక సలహా మండలి ఉందంట. అందులో పేదవాళ్ళు కూడా సభ్యులంట. "మన పెరియపాళయంలో అట్లాంటిది ఎప్పుడైనా ఉండిందా అన్నా?" అని అడిగినాడు. అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయినాము. నాలుగు వారాలు పాత పుస్తకాలు తిరగేసి ఇప్పుడు రాస్తున్నాము. మాది తమిళ మీడియం చదువు. తెలుగు అక్షరాలు రైల్వే ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నవి. తప్పులుంటే పెద్ద మనసుతో దిద్దండి.

మొదట మన సీమ పాత కథ. 1763లో ఆర్కాటు నవాబు చెంగల్పట్టు సీమను ఇంగ్లీషు కంపెనీకి జాగీరుగా ఇచ్చినాడు. 1767 నుంచి 1774 దాకా థామస్ బార్నార్డ్ అనే దొర సుమారు రెండువేల ఊళ్ళను సర్వే చేసినాడు. పంట కోసి కళ్ళంలో కుప్ప పోసినాక, సర్కారుకు భాగం కొలవక ముందే ఎవరెవరికి ఎంత తీస్తారో అందులో రాసి ఉంది. గుడికి, చెరువుకు, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి, తలయారికి, తోటివాడికి, అందరికీ అందులో పాలు ఉంది. చదివితే సంతోషంగానే ఉంటుంది. కానీ ఒకటి గమనించాలి. ఆ కొలత దగ్గర నిలబడి ఇది తక్కువ అని చెప్పే హక్కు మిరాసిదారుకు ఉండింది, కూలివాడికి లేదు. పాలు ఉంది, నోరు లేదు. మేము రాసే కథంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

1817లో మద్రాసు సర్కారు ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. సత్రాలు, గుళ్ళు, వంతెనలు, ధర్మానికి రాసిచ్చిన మాన్యాలు, వీటి లెక్క రెవెన్యూ బోర్డు చూడాలన్నారు. ఇంగ్లండులో అప్పటికే పేదల చట్టం ఉండింది. 1834 తర్వాత ప్రతి యూనియనుకూ పన్ను కట్టేవాళ్ళు ఎన్నుకునే సంరక్షక బోర్డు వచ్చింది. మనకు పేదల చట్టమూ లేదు, బోర్డూ లేదు. కరువు వస్తే కంకర కొట్టే పని, గంజి తొట్టి. 1876–78 కరువు గురించి మన ముసలివాళ్ళు "ధాత కరువు" అనేది అదే. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఆ పేరు.

1871లో లోకల్ ఫండ్ చట్టం, 1882లో రిప్పన్ ప్రభువు తీర్మానం, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చినాయి. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియను అని మూడు మెట్లు. ఆసుపత్రి, టీకాలు, సత్రం, బడి, రోడ్డు వాటి చేతికి వచ్చినాయి. మొదట్లో కలెక్టరే అధ్యక్షుడు. 1920 చట్టం తర్వాత ఎన్నికలు పెరిగినాయి కానీ ఓటు పన్ను కట్టేవాడికే. ఆసుపత్రిలో చాప మీద పడుకునేవాడు బోర్డుకు ఓటు వేయలేడు. 1934లో తాలూకా బోర్డులను ఎత్తేసినారు.

ఈ నడుమ మన జిల్లాలోనే ఒక పెద్ద సంగతి జరిగింది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్హీర్ 1891లో పరయ కులంవాళ్ళ స్థితి మీద ఒక నివేదిక రాసినాడు. గుడిసె వేసుకున్న చోటు కూడా వాళ్ళది కాదని, బంజరు అడిగితే మిరాసిదారులు అడ్డం పడతారని అందులో ఉంది. 1892లో వాళ్ళకు నేల ఇచ్చే ఉత్తర్వు వచ్చింది. దాన్నే ఇప్పుడు పంచమి భూములంటారు. వేరే కులంవాళ్ళకు అమ్మకూడదని షరతు పెట్టినారు. షరతు కాగితం మీద ఉండింది. దాన్ని కాచేదానికి ఆ జనం కూర్చున్న కమిటీ ఒక్కటీ లేదు. ఎన్నో చోట్ల నేల చేయి మారిపోయింది. 1994లో చెంగల్పట్టు పక్కన కారణైలో ఆ నేల కోసం పోరాడేటప్పుడు పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయినారు. ఇచ్చినది నిలబడాలంటే పుచ్చుకున్నవాడే కాపలా ఉండాలని మాకు అర్థమయింది ఇక్కడే.

స్వతంత్రం వచ్చినాక 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, జనం చేరకపోతే వికాసం నిలబడదని చెప్పింది. దాన్ని ఆంధ్ర ఒక విధంగా, మద్రాసు ఇంకో విధంగా తీసుకున్నాయి. ఆంధ్రలో 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినాయి. జిల్లా పరిషత్తుకు ఎన్నికైన అధ్యక్షుడు ఉండినాడు. మద్రాసులో 1958లోనే రెండు చట్టాలు చేసినారు. కింద పంచాయతీ యూనియను, అదే మనం ఒన్రియం అనేది. పైన జిల్లా బోర్డును తీసేసి జిల్లా అభివృద్ధి కౌన్సిల్ పెట్టినారు. దానికి అధ్యక్షుడు కలెక్టరు. ఎంపీలు, ఎమ్మెల్యేలు, యూనియన్ల అధ్యక్షులు సభ్యులు. పని సలహా చెప్పడం మాత్రమే. తమ్ముడు అడిగిన సలహా మండలికి మన జిల్లా చరిత్రలో దగ్గరి చుట్టం ఇదే.

తిరుత్తణివాళ్ళ కథ ఇంకా విచిత్రం. 1959 చివర్లో వాళ్ళు చిత్తూరు జిల్లాలో ఆంధ్ర పద్ధతి కింద ఉన్నారు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారింది. తిరుత్తణి మద్రాసుకు వచ్చింది, మన పక్కన ఉండే సత్యవేడు అటు పోయింది. కొన్ని నెలల్లోనే వాళ్ళు ఎన్నికైన జిల్లా పరిషత్తు నుంచి కలెక్టరు కౌన్సిల్ కిందికి వచ్చేసినారు. భాష గురించి ఆ రోజుల్లో ఎంతో గొడవ జరిగింది. జిల్లా స్థాయిలో అడిగే చోటు పోయిందని ఎవరైనా గొడవ చేసినట్టు మాకు కనబడలేదు.

1992లో 73వ రాజ్యాంగ సవరణ, 1994లో తమిళనాడు పంచాయతీల చట్టం, 1996లో ఎన్నికలు వచ్చినాయి. 1997లో మన తిరువళ్ళూరు జిల్లా విడిగా ఏర్పడింది. ఒన్రియం ఆఫీసు మన పెరియపాళయంలోనే ఉంది, ఎల్లాపురం ఒన్రియం. అన్నిటికంటే ముఖ్యం గ్రామ సభ. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 అని నాలుగు నాళ్ళు ఉండింది. 2022 నుంచి మార్చి 22, నవంబరు 1 కూడా చేర్చినారు. ఓటరు పట్టీలో పేరుంటే చాలు, ఎవరైనా లేచి అడగొచ్చు. 1920లో పన్ను కట్టనివాడికి దొరకని కుర్చీ ఇక్కడ నేల మీద చాపగా దొరికింది.

దీనికి మీద వేరే కన్నులు కూడా ఉన్నాయి. నూరు రోజుల పని మన జిల్లాకు 2008లో వచ్చింది. ఆ చట్టంలోనే సోషల్ ఆడిట్ పెట్టినారు. ఇంటింటికీ పోయి, పని చేసినావా, కూలి వచ్చిందా అని అడిగి, సభలో అందరి ముందు చదవాలి. దీన్ని 2006 నుంచే గట్టిగా నడిపి దేశానికి చూపించింది ఆంధ్ర. ఆహార భద్రత చట్టం 2013లో రేషన్ షాపు దాకా నిఘా కమిటీ ఉండాలని ఉంది. జిల్లాలో ఎంపీ అధ్యక్షుడుగా 2016 నుంచి దిశ కమిటీ ఉంది. మూడు నెలలకొకసారి కూడాలి, కేంద్ర పథకాలన్నీ చూడాలి.

అమెరికా పద్ధతి కూడా చెప్పేస్తాము. 1964లో లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం అని ఒక చట్టం తెచ్చినాడు. పేదలకు చేసే పనిలో పేదలు వీలైనంత ఎక్కువగా పాలుపంచుకోవాలని అందులో రాసినారు. నగరాల మేయర్లకు అది నచ్చలేదు, చాలా రగడ జరిగింది. చివరికి ఒక లెక్క కుదిరింది. మండలిలో మూడో వంతు ఎన్నికైనవాళ్ళు, కనీసం మూడో వంతు పేదలు ఎంచుకున్న ప్రతినిధులు, మిగిలినది వ్యాపారులు, ధర్మ సంస్థలు, ఊరి పెద్దలు. కౌంటీయే పథకం నడిపే చోట ఇదే సలహా మండలి. మన దిశలో పెద్దవాళ్ళు కూర్చుంటారు, మన గ్రామ సభలో చిన్నవాళ్ళు కూర్చుంటారు. రెండూ ఒకే బల్ల మీద కలిసేది తక్కువ. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంక మా సొంత అనుభవం. 2018లో మా వీధి పెద్దమ్మ ఒకామెకు ముసలివాళ్ళ పింఛను ఆగిపోయింది. ఈ పింఛను మన రాష్ట్రంలో 1962లో నెలకు 20 రూపాయలతో మొదలయింది. అప్పుడు 1,000. ఆమెకు మాత్ర, పాలు, కరెంటు అన్నీ అందులోనే. మేము మను రాసిచ్చినాము. (తమిళంలో మను అంటే అర్జీ. పెద్దమ్మ నవ్వి, "ఈ వయసులో నాకు మనువేంది నాయనా?" అనింది.) ఒకసారి కాదు, మూడుసార్లు ఇచ్చినాము. ఏ ఆఫీసు అని పేరు చెప్పం. ప్రతిసారీ రసీదు ఇచ్చినారు, పింఛను రాలేదు. వార్డు మెంబరును అడుగుదామంటే మెంబరే లేడు. 2016లో పదవీకాలం ముగిసి, 2019 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలన్నీ ప్రత్యేక అధికారుల చేతిలో ఉండినాయి.

అక్టోబరు 2 గ్రామ సభకు ఆమెను తీసుకుపోయినాము. మేమే మాట్లాడదామని కాగితం రాసుకున్నాము. పెద్దమ్మ కాగితం పక్కన పెట్టి తానే లేచింది. "నేను చచ్చిపోయినానా, బతికి ఉన్నానా? మీ పుస్తకంలో ఏమి రాసి ఉందో చదవండి" అనింది. సభ నిశ్శబ్దమయింది. పట్టీ తీసి చూస్తే, ఆమె ఆ చిరునామాలో లేదని ఎవరో రాసినారు. నలభై ఏళ్ళుగా అదే ఇల్లు! ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు "మాకూ అంతే" అని లేచినారు. మినిట్స్‌లో ముగ్గురి పేర్లూ రాసినారు. మూడో నెల పింఛను మళ్ళీ వచ్చింది. ఆగిన ఎనిమిది నెలల డబ్బు మాత్రం రాలేదు. పెద్దమ్మ 2020లో పోయింది. ఆ 8,000 ఆమెకు బాకీగానే ఉండిపోయింది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. రైల్వేలో మేము ప్రయాణికుల సలహా సంఘం కూటాలకు చాలా ఏళ్ళు మినిట్స్ రాసినవాళ్ళం. ఎవరైనా మరుగుదొడ్డి గురించో మంచినీళ్ళ గురించో అడిగితే "గమనించడమైనది" అని రాసేవాళ్ళం. ఆ మాట రాస్తే ఆ పని ముగిసినట్టే మాకు. పెద్దమ్మ మనుకు వచ్చిన రసీదు చూసినప్పుడు మా చేతిరాతే చూసినట్టు అనిపించింది. సలహా మండలి గొప్పతనం అడిగిన మాటను రాసుకోవడంలో లేదు, తర్వాతి కూటంలో ముందుగా ఆ మాటనే చదివి, ఏమి చేసినారని అడగడంలో ఉంది.

మన సంఘం గుడికి, కల్యాణాలకు, పిల్లల ఫీజులకు బాగా చేస్తుంది. ఆడి నెలలో భవానీ అమ్మవారికి వచ్చే జనానికి మజ్జిగ పోస్తాం. కానీ గ్రామ సభకు సంఘం తరఫున ఒక్కసారీ పోలేదు. అది మనకెందుకు, పేదలది అనుకున్నాము. మనలోనే పింఛను మీద బతికేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి వీధిలో లెక్క పెట్టండి. 2025 జనవరి 5తో పంచాయతీల పదవీకాలం మళ్ళీ ముగిసి ప్రత్యేక అధికారులు వచ్చినారు. ఎన్నికైనవాళ్ళు లేనప్పుడు అడిగేవాళ్ళు ఇంకా ఎక్కువ కావాలి.

కాబట్టి మా మనవి. వచ్చే గ్రామ సభకు వీధికి ఇద్దరు రావాలి. పింఛను, రేషన్, నూరు రోజుల కూలి ఆగినవాళ్ళ పేర్లు తేదీలతో రాసుకొని రండి. వాళ్ళనే పిలుచుకొని రండి, మాట వాళ్ళనే మాట్లాడనివ్వండి. తీర్మానంలో పేరు రాసినారో లేదో చూసే పని మాకు ఇవ్వండి. మినిట్స్ చదవడం మాకు బాగా వచ్చు. ఇన్నాళ్ళూ బల్లకు అటుపక్క కూర్చుని రాసినాము, ఇంక ఇటుపక్క నుంచి చదువుతాము.

పాత పంచాయతీ తీర్మానాల నకళ్ళు, జిల్లా బోర్డు కాలం కాగితాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే చూపించండి. ఫోటో తీసుకొని భద్రంగా తిరిగి ఇచ్చేస్తాము.