సెవెనే ఎయ్యి అన్నా

హన్మకొండ చౌరస్తాలో మెట్లెక్కి వెళ్లే రిపేరు షాపు. పక్క రేకు ఊడదీసిన మీ సీపీయూ బల్ల మీద ఉంది. మాఘమాసం ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి. ఈ రాత్రికి ప్రింటింగుకు పోవాల్సిన పెళ్లి కార్డుల మేటరంతా పాత హార్డ్ డిస్కులో, అది మీ సంచిలో. పాత కంప్యూటరు నిన్న చచ్చింది. ఇది సెకండ్ హ్యాండుది: ఆరో తరం ఇంటెల్, హెచ్110 బోర్డు.

“విండోస్ టెన్ ఏస్తే అయిపాయె గద తమ్మీ!”

“తెలుగు ఫాంట్ల అను ఎక్కాలె అన్నా. పేజ్‌మేకర్ల నా పాత ఫైళ్లు ఉన్నయి ఉన్నట్టు తెరుసుకోవాలె. సెవెనే ఎయ్యి.”

అన్న ఇంక మాట్లాడడు. డీటీపీ వాళ్లతో ఈ వాదన గెలిచినోడు వరంగల్లులో లేడు.

ఆన్ చేసి డిలీట్ నొక్కుతారు. బయోస్ తెరుచుకుంటుంది, బాణం కీలు చక్కగా పనిచేస్తున్నాయి. పెన్‌డ్రైవును ముందు వరుసలో పెట్టి ఎఫ్10, ఎంటర్. నల్ల తెర మీద ఫైళ్లు లోడవుతున్న గీత పాకుతుంది. రంగుల చుక్కలు తిరిగి తిరిగి విండోస్ గుర్తుగా కలుస్తాయి. లేత నీలం తెర, భాష ఎంచుకొమ్మంటూ ఒక పెట్టె. ట్యాబ్ నొక్కుతారు. ఉలుకూ పలుకూ లేదు. ఎంటర్. ఊహూ. నమ్ లాక్ నొక్కితే లైటు కూడా మారదు. మౌస్ బాణం తెర మధ్యన మేకు కొట్టినట్టు నిలబడింది.

“కీబోర్డు ఖరాబైందా అన్నా?”

“ఇప్పుడే గద బయోస్‌ల పనిచేసింది. ఖరాబెట్లయితది?”

తిరకాసంతా అక్కడే ఉంది. యూఎస్‌బీ కీబోర్డుతో మాట్లాడే ఏర్పాటు బయోస్‌కు సొంతంగా ఉంటుంది. సెటప్ పగ్గాలు అందుకున్నాక ఆ పని విండోస్ డ్రైవరే చేయాలి. విండోస్ 7 వచ్చింది 2009లో. యూఎస్‌బీ 2ను నడిపే ఈహెచ్‌సీఐ కంట్రోలరుకు అందులో డ్రైవరుంది, యూఎస్‌బీ 3 నడిపే ఎక్స్‌హెచ్‌సీఐకి లేదు. 2015లో ఆరో తరంతో పాటు వచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్లలో ఇంటెల్ ఈహెచ్‌సీఐని ఎత్తేసింది. ఇక పోర్టు నీలమైనా నలుపైనా లోపల చేరేది ఎక్స్‌హెచ్‌సీఐకే. నీలం దాంట్లోంచి పీకి నల్లదాంట్లో పెట్టే పాత చిట్కా మీరు చేస్తుంటే అన్న ఆపడు, అటు చూడడు కూడా.

అట్టపెట్టె అడుగు నుంచి దుమ్ముపట్టిన కీబోర్డొకటి లాగుతాడు. గుండ్రటి ఊదారంగు పిన్ను, లోపల ఆరు సన్న సూదులు. 1987 నాటి ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్ల పేరే దానికి ఇంకా నడుస్తోంది. కరెంటు ఆపి గుచ్చుతాడు, నడుస్తుండగా పెట్టేది కాదది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి ట్యాబ్ కదిలింది, ఎంటర్ పలికింది. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో పెట్టె: సీడీ, డీవీడీకి కావలసిన డ్రైవరు లేదట. అసలు మీరు సీడీ పెడితే గదా! అది వెతుకుతున్నది పెన్‌డ్రైవును. మొదటి ఫైళ్లు బయోస్ చలవతో ర్యామ్‌లోకి ఎక్కాయి. మిగతావి తెచ్చుకుందామంటే పెన్‌డ్రైవూ యూఎస్‌బీయే, అదీ కనపడదు.

సాటా డీవీడీ డ్రైవుంటే ఈ మెట్టు దాటేవారు. లేదు.

అన్న పక్క కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరుస్తాడు. విండోస్ ఇమేజిల్లో మార్పులు చేసే డిజం అనే టూలు అది. బూట్ డాట్ విమ్‌లో ఒకటో ఇమేజిని ఫోల్డర్లోకి మౌంట్ చేసి, ఇంటెల్ యూఎస్‌బీ 3 డ్రైవర్లు కలిపి, సేవ్ చేసి మూస్తాడు. తర్వాత రెండోది. అసలు సెటప్ ఉండేది ఆ రెండోదాంట్లోనే, ఒకటో దాంతో ఆపితే చేసిందంతా దండగ. ఆ పైన ఇన్‌స్టాల్ డాట్ విమ్. దాన్ని వదిలేస్తే అంతా అయ్యాక, రీస్టార్టయి పేరు టైపు చేయమన్న చోట కీబోర్డు మళ్లీ మూగబోతుంది. బోర్డుల కంపెనీలు ఇదంతా చేసిపెట్టే టూల్స్ ఇచ్చాయి గానీ, అన్నకు చేత్తో చేస్తేనే నమ్మకం. శాతం అంకె కదలనంటోంది. కింద బండి మీద మిర్చీలు వేగుతున్న వాసన. తినొద్దామా అంటే తల అడ్డంగా ఊపుతాడు.

మీ యూఎస్‌బీ కీబోర్డే మళ్లీ గుచ్చి ఆన్ చేస్తారు. భాష పెట్టె వచ్చింది. నమ్ లాక్ నొక్కితే లైటు వెలిగింది, ఇంకోసారి నొక్కితే ఆరింది. ట్యాబ్, ట్యాబ్, ఎంటర్. ఫైళ్లు కాపీ అవుతున్నాయి.

“నెట్ వైరు మాత్రం పెట్టకు తమ్మీ. 2020 జనవరి 14 నాడే దీనికి సపోర్టు బంద్ చేసిన్రు.”

“పెట్ట. ఎంతయింది అన్నా?”

“ముందుగాల అను ఎక్కనియ్యి. నీ కార్డుల శ్రీరస్తు శుభమస్తు సక్కగ వస్తదో రాదో సూద్దాం.”