పతకం వెనక చెక్కిన నంబరు

ఎర్ర నక్షత్రం ఆర్డరును అరచేతిలో పెట్టుకుంటే ముందుగా కంటబడేది మాణిక్యం రంగు ఎనామిల్. అయిదు కొనల నడుమ, వెండి వలయంలో, తుపాకి పట్టిన సైనికుడు నిలబడి ఉంటాడు. తిప్పి చూస్తే బట్టకు బిగించే మర, దానికో గుండ్రటి నట్టు, టంకశాల పేరు, కింద ఒక నంబరు. సోవియట్ పతకాల విలువ తెలిసినవాళ్లు ఈ వెనక వైపే ఎక్కువసేపు చూస్తారు.

ఈ కథ 1918 సెప్టెంబరులో, అంతర్యుద్ధం మధ్యలో, ఎర్ర పతాక ఆర్డరుతో మొదలైంది. దాన్ని అందరికంటే ముందు అందుకున్నవాడు ఎర్రసైన్యపు సేనాని వసీలీ బ్ల్యూఖర్. 1930 ఏప్రిల్ 6న లెనిన్ ఆర్డరు, ఎర్ర నక్షత్రం ఒకే రోజు పుట్టాయి. ఆ ఎర్ర నక్షత్రాన్నీ తొలిసారి బ్ల్యూఖర్‌కే ఇచ్చారు. ఎనిమిదేళ్లకు ఆయన స్టాలిన్ నిర్బంధంలో చనిపోయాడు. ఆ రోజుల్లో అరెస్టయినవాళ్ల దగ్గర పతకాలు కూడా లాక్కునేవారు. తొలినాటి ఆర్డర్లు ఇచ్చిందే తక్కువ, అందులోనూ కొన్ని ఇలా పోయాయి. చిన్న నంబరుకు పెద్ద ధర పలకడం వెనక ఈ చరిత్ర కూడా ఉంది.

లెనిన్ ఆర్డరు మొదట్లో వెండిది, దాని మీద ట్రాక్టరు బొమ్మ ఉండేది. 1934లో బంగారంతో చేయడం మొదలుపెట్టారు. 1936 నుంచి లెనిన్ ముఖాన్ని ప్లాటినంతో చేశారు. ఒక్కో దానిలో బంగారమే సుమారు 28.6 గ్రాములు, అంటే మన లెక్కలో మూడు తులాలకు కాస్త తక్కువ. సుమారు 4.31 లక్షల సార్లు ఇచ్చినా దాని ధర ఒక స్థాయికంటే దిగదు, లోహమే పట్టి ఉంచుతుంది. ట్రాక్టరు బొమ్మది వెండిదే అయినా బంగారు దానికంటే ఎన్నో రెట్లు పలుకుతుంది.

యుద్ధం వచ్చాక ఆర్డర్లు వరసకట్టాయి. 1942లో దేశభక్తి యుద్ధ ఆర్డరు, సువోరోవ్, కుతుజోవ్, అలెగ్జాండర్ నెవ్‌స్కీ పేర్లతో మరికొన్ని. 1943లో గ్లోరీ, విక్టరీ. 1944లో నౌకాదళానికి ఉషకోవ్, నఖీమోవ్. ఎర్ర నక్షత్రం సుమారు 38 లక్షల సార్లు ఇచ్చారు, కాబట్టి మామూలుది కొన్ని పదుల డాలర్లకే దొరుకుతుంది. బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉండి ఇరాన్ మీదుగా సోవియట్‌కు సరకులు చేరవేసిన సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్‌లకూ ఈ నక్షత్రమే దక్కింది. ఉషకోవ్ మొదటి తరగతి యాభైకి మించలేదు. వజ్రాలు పొదిగిన విక్టరీ ఆర్డరు 17 మందికి 20 సార్లు ఇచ్చారు. వాటిలో ఎక్కువ భాగం మ్యూజియాల్లోనే ఉన్నాయి: ఐసన్‌హోవర్‌ది అమెరికాలోని అబిలీన్‌లో, మాంట్‌గొమరీది లండన్‌లో. కొనుగోలుదారులు దానికి ధర కట్టే సందర్భమే దాదాపు రాదు.

ఒకే ఆర్డరులోనూ తేడాలుంటాయి. 1943 వరకు చాలా పతకాలు చిన్న దీర్ఘచతురస్రపు పట్టీకి వేలాడేవి. ఆ ఏడాది అయిదు మూలల రిబ్బను పట్టీలు వచ్చాయి. దేశభక్తి యుద్ధ ఆర్డరును మొదట పట్టీకి వేలాడదీసేవారు, తర్వాత మరతో బిగించారు. పాతరకం చాలా ఖరీదు. మళ్లీ 1985లో, విజయానికి నలభై ఏళ్లయిన సందర్భంగా, బతికున్న సైనికులకు అదే ఆర్డరును లక్షల్లో పంచారు. మొదటి తరగతిలో యుద్ధకాలంలో బంగారం ఉండేది, 1985లో ఇచ్చినది బంగారు పూత వెండే. పేరొకటే అయినా సంతలో రెండూ వేరే వస్తువులు.

అరుదుదనానికి చట్టమూ కారణమే. దేశభక్తి యుద్ధ ఆర్డరును మొదటినుంచీ కుటుంబం ఉంచుకోవచ్చు. మిగతా ఆర్డర్లను మాత్రం చాలాకాలం మనిషి పోగానే ప్రభుత్వానికి తిరిగిచ్చేయాల్సి వచ్చేది.

డబ్బు పెరిగితే ప్రమాదమూ పెరుగుతుంది. 1983 జులైలో మాస్కోలో, సోవియట్ యూనియన్ హీరో అడ్మిరల్ గ్యోర్గీ ఖొలొస్త్యాకోవ్‌ను, ఆయన భార్యను పతకాల కోసం ఇంట్లోనే చంపేశారు. 1991 తర్వాత రూబుల్ కూలిపోయి, ఛాతీ మీద వేసుకున్నవాటినే వృద్ధ సైనికులు అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ అమ్మకాలను నేను వ్యాపారం అనలేను. ఈనాటికీ రష్యాలో సోవియట్ పురస్కారాల క్రయవిక్రయం శిక్షాస్మృతి 324వ అధికరణ కింద నేరమే. అందుకే వేలాలు ఎక్కువగా దేశం బయట సాగుతాయి.

అసలు ధర కాగితంలో ఉంది. నంబరున్న ఆర్డరుతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆ నంబరు, ఆ మనిషి పేరు రాసి ఉంటాయి. అతను చేసిన సాహసం వివరం పొదొల్స్క్‌లోని రక్షణశాఖ అభిలేఖాగారంలో ఉంటుంది. 2010 నుంచి అలాంటి లక్షల పత్రాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ఏ ఊరి దగ్గర, ఏ రోజు, ఏ పనికి ఇచ్చారో తెలిసిన ఎర్ర నక్షత్రం, ఏమీ తెలియనిదానికంటే ఎంతో ఎక్కువకు పోతుంది. అందుకే మోసగాళ్లు నంబరు అరగదీసి కొత్తది చెక్కుతారు. అరగదీసినచోట లోహం పలచబడుతుంది, తూకంలో దొరికిపోతుంది.

మాస్కోలో చదివి వచ్చినవారి ఇళ్లలో ఉండే లెనిన్ బొమ్మ బ్యాడ్జీలు ఆర్డర్లు కావు, వాటికి పెద్ద ధర రాదు. నిజమైన ఆర్డరే మీ చేతికి వస్తే దాన్ని మెరుగుపెట్టకండి. పుస్తకాన్ని దాన్నుంచి విడదీయకండి. వెనక నంబరు రాసిపెట్టుకోండి.