మహల్లా పైసా, ఎలక్షన్ చందా: ఒక అమానత్ తారీఖ్

పోయిన జుమా రోజు నమాజ్ అయ్యాక తిరుపతి నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. వాడు తన మహల్లాలో ఒక చిన్న పొదుపు సొసైటీకి సెక్రటరీ. నూట అరవై మంది మెంబర్లు. టైలర్లు, ఆటో నడిపేవాళ్లు, పూలు కట్టి అమ్మే ఆడవాళ్లు, దుకాణాల్లో పనిచేసే పిల్లలు. నెలనెలా కట్టిన పైసల్లోంచే అవసరం వచ్చినవాళ్లకు కర్జె హసనా, అంటే సూద్ లేని అప్పు ఇచ్చుకుంటారు.

"చిచ్చా, ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి. ఒక ఉమ్మీద్వార్ తరఫు మనుషులు వచ్చారు. సొసైటీ నుంచి యాభై వేలు చందా ఇవ్వండి, గెలిస్తే మీ షాదీఖానా పని మేం చూసుకుంటాం అంటున్నారు. కమిటీలో సగం మంది ఇద్దామంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

"రెండు రోజులు ఆగు బేటా, రాసి పంపిస్తా" అన్నాను. ఆ రాసిందే ఇది. ఇలాంటి కమిటీలు మనలో చాలా ఊళ్లల్లో ఉన్నాయి కాబట్టి మీ అందరి ముందూ పెడుతున్నా.

ఈ సవాల్ మా ఖాందాన్‌కు కొత్త కాదు. 1989 ఎలక్షన్లప్పుడు నేను పదేళ్లవాణ్ణి. చిత్తూరులో మా దాదాకు సైకిల్ షాపు ఉండేది. మహల్లా కమిటీకి ఆయనే ఖజాంచీ. నలభై రెండు ఇళ్లు, ఇంటికి నెలకు పది రూపాయలు. పచ్చ అట్ట రిజిస్టర్‌లో ఉర్దూలో హిసాబ్ రాసేవాడు. ఒక రాత్రి జీపులో నలుగురు వచ్చి ఖబరస్తాన్ గోడ కట్టిస్తామన్నారు, ఐదు వేలు చందా అడిగారు. పెద్దల్లో కొందరికి ఆశ పుట్టింది. దాదా రిజిస్టర్ మూసి ఒకటే అడిగాడు: "ఈ పైసా ఎవరిది? అమానత్. నా జేబులోది కావాలంటే ఇస్తా, దీంట్లోది ఇస్తే ఖయానత్." ఆ రాత్రి ఇవ్వాలనుకున్నవాళ్లు ఎవరి జేబులోంచి వాళ్లు ఇచ్చారు. రిజిస్టర్‌లోంచి రూపాయి కదల్లేదు. గోడ మాత్రం చాలా ఏళ్ల దాకా లేవలేదు, అది వేరే సంగతి.

దాదా గీసిన ఆ గీతే దునియాలో పెద్ద పెద్ద సొసైటీల కానూన్‌లో కూడా ఉందని నాకు చాలా తర్వాత తెలిసింది.

తారీఖ్ మన పక్కనుంచే మొదలవుతుంది. ఉర్దూలో కోఆపరేటివ్‌ను ఇమ్దాదె బాహమీ అంటారు, ఒకరికొకరు మదద్ చేసుకోవడం అని. మద్రాసు సర్కార్ తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి యూరప్ వెళ్లి, రైతులు కలిసి నడుపుకునే అప్పు సంఘాలను చూసి, 1895లోనూ 1897లోనూ రిపోర్టులు రాశాడు. 1904లో కోఆపరేటివ్ క్రెడిట్ సొసైటీల చట్టం వచ్చింది. అదే ఏడాది మన నగరి, పుత్తూరు దాటి పోతే వచ్చే తిరువళ్లూరు దగ్గర తిరూరులో సొసైటీ రిజిస్టరైంది. అప్పటికి చిత్తూరు జిల్లా పుట్టనేలేదు. ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు సదర్ మకాం. జిల్లా 1911లో ఏర్పడింది.

1907లో ఎడ్వర్డ్ ఫైలీన్ అనే అమెరికా తాజిర్ హిందుస్తాన్ వచ్చాడు. బోస్టన్‌లో పెద్ద దుకాణం ఆయనది. బెంగాల్‌లో గౌర్లే అనే బ్రిటిష్ అధికారి ఆయనకు పల్లెల్లోని అప్పు సంఘాలు చూపించాడు. పేదవాళ్లు ఒకరికొకరు జామీన్ ఉండి అప్పులు తీర్చుకోవడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. వాపస్ పోయాక మసాచుసెట్స్‌లో 1909లో క్రెడిట్ యూనియన్ల చట్టం రావడానికి పాటుపడ్డవాళ్లలో ఆయనొకడు. 1934లో రూజ్‌వెల్ట్ హయాంలో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. అంటే ఈ మట్టిలో చూసిన సంగతి కూడా అక్కడి క్రెడిట్ యూనియన్ల పునాదిలో ఉంది.

అక్కడ అవి పెరిగాయి, బ్యాంకులకు కంట్లో నలుసయ్యాయి. 1998 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు, బ్యాంకుల పక్షాన ఫైసలా ఇచ్చింది. ఒకే పని, ఒకే కంపెనీ సంబంధం లేనివాళ్లను ఒక యూనియన్‌లో చేర్చుకోకూడదని. లక్షల మంది మెంబర్‌షిప్ ఖతర్‌లో పడింది. అప్పుడు మెంబర్లే ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, వాషింగ్టన్ పోయి తమ ప్రతినిధులను కలిశారు. కింది సభలో 411 మంది ఔనన్నారు, 8 మంది కాదన్నారు. సెనేట్‌లో 92కు 6. ఆగస్టు 7న క్లింటన్ కొత్త కానూన్ మీద సంతకం చేశాడు. ఫిబ్రవరిలో ఓడి ఆగస్టుకు గెలిచారు.

వాళ్లు ఎలక్షన్ చందాలు కూడా ఇస్తారు. ఎట్లా ఇస్తారో చూడండి. మెంబర్లు దాచుకున్న ఖజానాలోంచి ఉమ్మీద్వార్‌కు ఒక్క డాలర్ ఇచ్చినా జుర్మ్. అందుకని వేరే ఫండ్ పెట్టుకున్నారు. ఇష్టమున్నవాళ్లు తమ జేబులోంచి దాంట్లో వేస్తారు, జబర్దస్తీ లేదు. ఒక ఉమ్మీద్వార్‌కు ఒక ఎలక్షన్‌కు ఐదు వేల డాలర్లు దాటకూడదు, హిసాబ్ అందరూ చూసేలా సర్కార్‌కు ఇవ్వాలి. ఇది చదివినప్పుడు నాకు దాదా పచ్చ రిజిస్టరే కళ్ల ముందు మెదిలింది.

మరి మన దగ్గర ఏం జరిగింది? మన 1964 చట్టం ప్రకారం రిజిస్ట్రార్ ఎన్నికైన కమిటీని తీసేయొచ్చు, సర్కార్ తన మనుషులను కూర్చోబెట్టొచ్చు. పైసా మెంబర్లది, హుకూమత్ సర్కార్‌ది. దీని మీద హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ఏళ్ల తరబడి వకాలత్ చేసింది. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో పొదుపు సంఘాలను నిలబెడుతూనే, కానూన్ మార్చమని ప్రతి పార్టీనీ అడిగింది. 1991లో చౌధరీ బ్రహ్మప్రకాశ్ కమిటీ ఒక నమూనా చట్టం ఇచ్చింది. ఎన్.టి.రామారావు సర్కార్ ఉండగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. సర్కార్ వాటా ఉండదు, సర్కార్ నామినేషన్ ఉండదు, సంఘం ఎన్నికలు సంఘమే పెట్టుకుంటుంది. దేశంలో ఇలాంటి చట్టం మనదే మొదటిది. 1996లో బీహార్, 1997లో కర్ణాటక అదే దారి పట్టాయి. మా వాడి సొసైటీ రిజిస్టరైంది కూడా ఈ చట్టం కిందే.

2006లో ఇంకో సర్కార్ పాల డెయిరీలను ఈ చట్టంలోంచి లాగి పాత చట్టం కిందికి తోసింది. సంఘాలు అదాలత్‌కు పోయాయి. హైకోర్టులో గెలిచాయి. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా, సంఘంగా కలిసే హక్కును ఇట్లా తొక్కడం రాజ్యాంగానికి ఖిలాఫ్ అని ఫైసలా చెప్పింది.

ఈ లడాయిలో గెలుపు అర్జీలతో, జాబులతో, అదాలత్ తలుపు తట్టడంతో వచ్చింది. కానూన్ కోసం గొంతెత్తడం సొసైటీ హక్కు. ఉమ్మీద్వార్ కోసం గల్లా పెట్టె తెరవడం వేరే సంగతి.

పార్టీల నీడ పడితే ఏమవుతుందో పాత చట్టం కింద ఉన్న సింగిల్ విండోలను చూడండి. మన రాష్ట్రంలో వాటికి 2013లో ఎన్నికలు జరిగాయి. ఐదేళ్ల పదవీకాలం 2018లో తీరింది. ఆ తర్వాత ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ హుకూమత్ వేసిన కమిటీలే వచ్చాయి. రైతు వాటా కట్టాడు, ఓటు మాత్రం వేయలేదు. పార్టీతో దోస్తీ చేసే సొసైటీ గెలిచినవాడి చేతిలోకి పోతుంది, ఓడినవాడికి దుష్మన్ అవుతుంది. నూట అరవై మంది నూట అరవై రకాలుగా ఓటేస్తారు. ఒకడికి ఇచ్చిన రోజే సగం మంది ఎతెమాద్ పోతుంది. ఎతెమాద్ పోయాక ఏ అప్పు వాపస్ వస్తుంది?

కానూన్ సంగతి కూడా వినండి. కంపెనీలు పార్టీలకు చందా ఇవ్వడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. పేర్లు దాచే ఎలక్టోరల్ బాండ్లను మాత్రం 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే కోఆపరేటివ్‌లకైతే 2002 చట్టం రాజకీయ పార్టీ కోసం పనిచేసే సంస్థలకు పైసా రూపంలో గానీ వేరే రూపంలో గానీ ఇవ్వకూడదని సాఫ్‌గా చెప్పింది. కారణం తెలిసిందే. కంపెనీ పైసా లాభం, సొసైటీ పైసా పూలమ్మే బీబీ కూతురి నికాహ్ కోసం దాచుకున్నది.

కాబట్టి బేటా, నా జవాబ్ ఇది. వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి, సలాం చెప్పి పంపు. మహల్లాకు ఏం కావాలో, షాదీఖానా, నీళ్లు, పొదుపు సంఘాల మీద పన్నుల బాధ, ఒక కాగితం మీద రాసి మెంబర్లందరి మష్వరాతో ప్రతి ఉమ్మీద్వార్‌కూ అదే కాగితం ఇవ్వు, సంతకం పెట్టించుకో. ఎవరికైనా చందా ఇవ్వాలని ఉంటే తన జేబులోంచి, తన పేరుతో ఇచ్చుకోనీ. సొసైటీ పేరు, లెటర్‌హెడ్, గల్లా దూరంగా ఉంచు.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. కమిటీలో గొడవ జరిగిందట. ఇద్దరు అలిగి లేచిపోయారట. చివరికి పూలమ్మే ఒక ఆపా లేచి, "నా పైసా నాకు ఇచ్చేయండి, తర్వాత ఎవరికైనా ఇచ్చుకోండి" అన్నదట. అంతటితో మాట తెగింది. పన్నెండు సంతకాలతో అర్జీ తయారైంది, ముగ్గురు ఉమ్మీద్వార్లకూ పోయింది.

షాదీఖానా వస్తుందో రాదో అల్లాహ్‌కే తెలుసు. హిసాబ్ మాత్రం సాఫ్‌గా ఉంది.