పొగాకు వేరును పీల్చే ‘మల్లె’

పేరుకు మల్లె. పరిమళం లేదు, ప్రయోజనం అంతకన్నా లేదు. కోస్తా జిల్లాల రైతులు ‘పొగాకు మల్లె’గా పిలిచే ఈ మొక్క శాస్త్రీయ నామం ఒరొబాంకి సెర్నువా. ఇది పూలు పూచే మొక్కే అయినా పత్రహరితం లేదు. ఆకులు పొలుసులుగా మిగిలాయి. సొంతంగా ఆహారం తయారుచేసుకోలేక పొగాకు వేరులోనికి చొచ్చుకుపోయి నీటిని, పోషకాలను గుంజుకుంటుంది. జొన్న, చెరకు చేలను పీడించే స్ట్రైగా కూడా ఈ కుటుంబానిదే. అయితే అది పచ్చగా ఉండి కొంత ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుంది.

పొగాకు మల్లె బలమంతా విత్తనంలోనే ఉంది. ధూళి రేణువంత సూక్ష్మమైన విత్తనాలను ఒక్కో మొక్క వేలు, లక్షల సంఖ్యలో రాలుస్తుంది. అవి నేలలో ఏళ్ల తరబడి నిద్రాణస్థితిలో ఉంటాయి. సమీపంలోని వేరు స్రవించే స్ట్రైగోలాక్టోన్లనే రసాయనాలు సోకినప్పుడే మొలకెత్తుతాయి. ఈ కోవలో మొదటిదైన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేర్ల స్రావం నుంచి వేరుచేశారు. మేలుచేసే శిలీంధ్రాలను వేరు చెంతకు రప్పించేది కూడా ఈ రసాయనాలేనని 2005లో వెల్లడైంది. మొక్క పిలిచేది చుట్టాన్ని, వచ్చేది దొంగ!

నాట్లు వేసిన కొన్ని వారాలకు పాలిపోయిన కాడలు నేలను చీల్చుకుని వస్తాయి. వాటికి ఊదారంగు పూలు పూస్తాయి. రైతు కంట పడేనాటికే మల్లె వేరును చాలావరకు పీల్చివేసి ఉంటుంది. పైరు గిడసబారుతుంది, ఆకు బరువు, నాణ్యత రెండూ తగ్గుతాయి. అప్పుడు పీకినా ఆ ఏటి నష్టం పూర్తిగా పూడదు. పీకడం రాబోయే పంట కోసమే. కాబట్టి పూత రాకముందే, పొలమంతా పలుమార్లు తిరిగి ఏరివేయాలి. పీకిన మొక్కలను గట్టుమీద పడవేయడం చాలాచోట్ల కనిపించే పొరపాటు. పూత దాటిన మొక్కలో కాయలు పీకిన తరువాత కూడా ముదిరి విత్తనం రాల్చగలవు. వాటిని పొలం వెలుపల కాల్చివేయాలి. పశువులకు మేపరాదు, విత్తనం పేడలో సైతం బతికి ఎరువుతోపాటు మరో చేనికి చేరుతుంది.

వేసవి లోతు దుక్కితో పాటు నువ్వు, జొన్న, పెసర, మినుము వంటి ఎర పంటలను సిఫారసు చేస్తారు. వీటి వేరు స్రావాలకు మల్లె విత్తనం మొలకెత్తుతుంది గాని, అంటుకునే ఆధారం దొరకక నశిస్తుంది. ఒక్క ఏడాదితో నేల శుభ్రపడదు. పంట మార్పిడి పేరుతో వంగ, టమాట వేస్తే ఫలితం ఉండదు, వాటి వేర్లపైనా మల్లె బతుకుతుంది.