యోధుల మనోవ్రణములు

శరీరమునకు తగిలిన గాయము నెల్లరును చూతురు. మనస్సునకు తగిలిన గాయమును చూచువారరుదు. కాలు పోయిన సైనికునకు పతకమును, మతి చెదరిన సైనికునకు నిందయు లభించుట లోకమున చిరకాలముగా సాగుచున్న యన్యాయము. దీనిని తొలగింప వైద్యులు చేసిన యత్నముల చరిత్రమును సంగ్రహముగా విచారింపదలచితిమి.

1914లో ఆరంభమైన మహాయుద్ధమున ఫిరంగిగుండ్ల నడుమ నెలలతరబడి నిలిచిన సైనికులు కొందరు మాట పడిపోయి, చేతులు వణకి, నిద్రలో కేకలు వేయజొచ్చిరి. 1915లో మైయర్సు అను వైద్యుడు లాన్సెట్టు పత్రికలో వ్రాసిన వ్యాసముతో దీనికి షెల్‌షాక్ అను పేరు వ్యాపించెను. సేనానులలో పెక్కురు మాత్రము దీనిని పిరికితనమనియే తలచిరి. పిరికితనము, పలాయనము మున్నగు నేరములు మోపి బ్రిటిషు సామ్రాజ్యసేనలో కాల్చి చంపిన 306 మందికి 2006లో గాని క్షమాపణ దొరకలేదు. వారిలో మతి చెదరినవారును గలరు. తొంబదియేండ్లకు వచ్చిన క్షమ యే తల్లి కన్నీరు తుడుచును?

ఆ కాలముననే రివర్సు అను వైద్యుడు వేరుమార్గము త్రొక్కెను. ఈతడు 1901-02లో మన నీలగిరులలో తోడవారి నడుమ నుండి వారి యాచారములను గ్రంథస్థము చేసినవాడు. భయంకరస్మృతులను మరువుమని చెప్పుట హానికరమనియు, నమ్మదగినవాని యెదుట వానిని మెల్లమెల్లగా పలుకనిచ్చుటయే మేలనియు నాతడు ఎడింబరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ వైద్యశాలలో బోధించెను. అయినను, బాగుపడిన యోధుని మరల యుద్ధమునకే పంపుట యాతని యుద్యోగధర్మమయ్యెను! రెండవ మహాయుద్ధమున, 1943లో, గ్రింకరు, స్పీగెలు అను అమెరికను వైద్యులు అల్జీరియాలో పెంటోథాలు అను మత్తుమందును నరమున కెక్కించి, అణగియున్న స్మృతులను పలికించిరి. మందు మాటకు తలుపు తెరవగలదను భావము ఇట్లు బలపడెను.

ఆ 1943లోనే స్విట్జర్లండున హాఫ్‌మన్, తాను 1938లో తయారుచేసిన ఎల్.ఎస్.డి. చిత్తమును మార్చునని కనుగొనెను. సైన్యము దానిని వాడిన తీరు సిగ్గుచేటు. 1958లో స్టాన్లీ అను అమెరికను సార్జెంటు విషవాయువులనుండి కాపాడు దుస్తులను పరీక్షించుటకని ముందుకు రాగా, ఆతనికి తెలియకుండ ఈ మందు నిచ్చిరి. నిజము తెలిసినది 1975లో. 1987లో ఆ దేశపు సుప్రీముకోర్టు, సైనికుడగుటచే ఆతనికి పరిహారము కోరు హక్కు లేదని తీర్పు చెప్పెను.

వియత్నాము యోధుల యాందోళనము ఫలముగా 1980లో అమెరికను మనోవైద్యుల గ్రంథము ఈ వ్యాధిని అంగీకరించెను. పిమ్మట 1912లో మెర్క్ సంస్థ తయారుచేసి, 1985లో అమెరికా నిషేధించిన ఎం.డి.ఎం.ఎ. అను మందు తిరిగి పరీక్షకు వచ్చెను. దీనిని మాత్రగా నిచ్చి, వైద్యులిద్దరు దినమంతయు రోగి చెంత కూర్చుండి, ఆతని మాట నాలకింతురు. 2021లో వెలువడిన పరీక్షలో 90 మంది పాల్గొనిరి. మందు పొందినవారిలో నూటికి 67 మందికి, మాటలచికిత్స మాత్రమే పొందినవారిలో నూటికి 32 మందికి వ్యాధిలక్షణములు నిర్ణయప్రమాణమునకు లోబడెను. 2023లో ఆస్ట్రేలియా దీనిని మనోవైద్యుల కనుమతించెను. 2024 ఆగస్టులో అమెరికా నిరాకరించి, మరియొక పరీక్ష కావలెననెను. తమకు దొరకినది మందో కాదో రోగులే కనిపెట్టగలుగుటచే ఫలితములు శంకాస్పదములని నిపుణులు తలచియుండిరి.

ఈ జాగరూకతను మేము నిందింపము. స్టాన్లీ కథ నెరిగినవారు సైనికునిపై ప్రయోగమనగానే ఆతని సమ్మతి యెక్కడనని యడుగక తప్పదు. కాని జాగరూకత నెపమున ఉదాసీనత పనికిరాదు. రివర్సునాటినుండి నేటివఱకు మారనిది యొక్కటియే: మందున్నను లేకున్నను, వినువాడొకడు కావలెను. యుద్ధమునుండి మౌనముగా తిరిగివచ్చినవాని చెంత కూర్చుండి, ఆతడు పలుకువఱకు ఓర్చుట వైద్యుల ధర్మమే కాదు, ఆతనిని యుద్ధమునకు పంపిన సంఘముయొక్క ఋణము.